మధ్యాహ్నం పూట పూల్ టేబుల్

మూడో అంతస్తు డాబా మీద, ఒక్క గది ఇంటి ముందు, రేకుల నీడలో పూల్ టేబుల్ ఏమిటని సౌజన్యను అందరూ అడిగారు. అడగరా మరి? ఆ గదిలో బీరువా తలుపు తెరవాలంటే ఒకళ్లు లేచి బయటికి రావాలి. అందులోనే అత్త లచ్చమ్మ, ఆమె టీవీ, కూతురు శృతి పుస్తకాలు, గ్యాస్ పొయ్యి. "మనకు గీ సోకులేంది బిడ్డా?" అని లచ్చమ్మ నెత్తి కొట్టుకుంది. సౌజన్య జవాబు చెప్పలేదు. చెబితే మొగుడి సంగతి మొత్తం చెప్పాలి, అంత ఓపిక ఆమెకు లేదు.

సంగతి ఏమిటంటే, జగన్ రాత్రంతా కంపెనీ క్యాబ్ నడుపుతాడు. ఆఖరి మనిషిని ఇంటి దగ్గర దించి బండి అప్పజెప్పేసరికి బాగా పొద్దెక్కుతుంది. సౌజన్య చీకటితోనే లేచి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు పోయి, టిఫిన్లూ మధ్యాహ్నం వంటా చేసి ఎల్బీనగర్ వస్తుంది. సాయంత్రం మళ్లీ పోవాలి. మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకోవాలంటే మిగిలింది ఆ మధ్యాహ్నం ఒక్కటే. ఆ ఒక్కటీ జగన్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఏదో సెల్లార్‌లో ఉన్న పూల్ పార్లర్‌కు రాసిచ్చేశాడు. ఫోన్ చేస్తే వెనకాల బంతులు టకటకా కొట్టుకుంటుంటాయి. గేమ్‌ల ఉన్న, ఒస్త అంటాడు. వచ్చేది ఆమె చెప్పులేసుకుని హాస్టల్‌కు బయల్దేరే వేళకు. మెట్ల మీద ఎదురుపడి, అన్నం గిన్నెలో ఉందని ఆమె, సరేనని అతనూ. కొన్ని నెలలుగా వాళ్ల కాపురం ఆ మెట్ల మీదే నడుస్తోంది.

ఆమె పోట్లాడింది, అలిగింది, మాట్లాడటం మానేసింది. మాట్లాడటం మానేసిన సంగతి ఆ మనిషి గమనించనే లేదు, దాంతో ఇంకా ఒళ్లు మండింది. చివరికి ఒకరోజు మెట్రోలో నిలబడి వస్తుంటే తోచింది. ఆ బల్లేదో ఇంటి ముందే ఉంటే ఇంట్లోనే ఆడుకుంటాడు కదా. ఆడుకోనీ. ఆడుతూ అయినా కళ్ల ముందు ఉంటాడు. అలిసిపోయిన మనిషికి ఇలాంటి ఆలోచనలే వస్తాయి, వస్తే పోవు కూడా.

కొనే తాహతు లేదు, చేసే చేతులున్నాయి. ఆమె నాన్న లింగాచారి నకిరేకల్ దగ్గర వడ్రంగి. పెద్ద దుంగ కోయాల్సి వస్తే రంపం రెండో కొస పట్టుకున్నది ఎప్పుడూ ఆమే. ఆయన పోయాక పనిముట్ల పెట్టె ఎవరికీ అక్కర్లేక ఆమె దగ్గరికే వచ్చింది. రంపం, చిత్రిక, రెండు ఉలులు, మూలమట్టం, సుత్తి. ఇంతకు మించి ఏమీ లేవు.

కూలగొట్టిన ఇళ్ల కలప అమ్మే చోట రెండు పాత తలుపులూ ఒక దర్వాజా కొని ట్రాలీ ఆటోలో తెచ్చింది. ఆటోవాడు గేటు దగ్గర దించేసి తన దారిన తాను పోయాడు. తలుపులు అక్కడే ఊడదీసి, చెక్క తర్వాత చెక్క భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కించింది. దర్వాజా కమ్ములు కోసి కాళ్లు చేసింది. తలుపుల చెక్కలు చిత్రిక పట్టి చట్రం బిగించింది. హాస్టల్ నుంచి వచ్చి, నాలుగు మెతుకులు తిని, నడుం వాల్చాల్సిన గంటలన్నీ ఆ రంపానికే ఇచ్చింది. చిత్రిక తోస్తుంటే కళ్లు మూతలు పడేవి. సాయంత్రం పోయేటప్పుడు అన్నిటి మీదా పాత టార్పాలిన్ కప్పి పోయేది, అదేమిటని జగన్ ఒక్కసారీ అడగలేదు.

ఇంటి ఓనర్ జనార్ధన్‌ది అక్కడి పాత ఊరే, పొలాలమ్మి బిల్డింగులు కట్టిన మనిషి. మధ్యాహ్నం కునుకు తీయనిదే ఆయనకు రోజు గడవదు. సుత్తి చప్పుడు వినపడితే గది ఖాళీ చెయ్యమంటానని కింద నుంచే కబురు పెట్టాడు. ఏం చేస్తుంది? మేకులు మానేసి, స్క్రూడ్రైవర్ ఒకటి కొని, ప్రతి అతుకూ స్క్రూలతో బిగించింది, అదీ చేత్తోనే. అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, మళ్లీ ఎక్కాయి. చపాతీ పిండి పిసికితే ఉప్పు తగిలి భగ్గుమనేవి. ఆయన నిద్ర మాత్రం చెక్కు చెదరలేదు.

పైన దళసరి ప్లైవుడ్ పరిచింది. దిల్‌సుఖ్‌నగర్ బట్టల కొట్టులో పచ్చబట్ట కొని ముడత లేకుండా లాగి అంటించింది. అంచులకు సైకిల్ ట్యూబు మడతలు పెట్టింది. బంతులు పడే చిల్లులకు శృతికి పొట్టివైపోయిన స్కూలు సాక్సులు కుట్టింది. రాత్రి వంటయ్యాక బస్సులో కూర్చుని ఆట వీడియోలన్నీ చూసింది. కర్ర ఎట్లా పట్టాలి, ఎడమ చేతి వేళ్లు బట్ట మీద ఎట్లా ఆనించాలి, అన్నీ ఆమెకే వచ్చేశాయి.

సెకండ్ హ్యాండ్‌లో ఆట కర్రతో పాటు తెచ్చిన బంతుల్లోంచి ఒకటి తీసి నడిమధ్య పెట్టింది. అది ఒక్క క్షణం ఆగి, ఎవరో పిలిచినట్టు మెల్లగా దొర్లుకుంటూ పోయి మూల సాక్సులో పడింది. రెండోదీ అంతే. మూడోదీ అక్కడికే. డాబాకు వాన నీళ్లు పోవడానికి వాటం పెడతారని వడ్రంగి బిడ్డకు తెలియదా? తెలుసు. తెలిసీ నాలుగు కాళ్లూ సమానంగా కోసింది. నిద్ర లేని బుర్రకు తెలిసినవి కూడా సమయానికి అందవు. నేల మీద కూలబడి ఏడ్చింది. కాసేపు బాగానే ఏడ్చింది.

తర్వాత లేచి సన్నటి పైపులో నీళ్లు పోసి, ఒక కొస లచ్చమ్మ చేతికిచ్చి, మూల మూలకూ మట్టం చూసుకుంది. పల్లంలో ఉన్న కాళ్ల కింద చెక్క ముక్కలు పెట్టి ఎత్తింది. సీరియల్ పోయిందని లచ్చమ్మ గొణుగుతూనే పైపు కదలకుండా పట్టుకుంది. ఈసారి బంతి పెట్టిన చోటే నిలిచింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం జగన్‌కు ఫోన్ చేసి, పని ఉంది, ఉన్నపళంగా రమ్మంది. తల్లికేమన్నా అయిందేమోనని అతను పరుగున వచ్చాడు. రొప్పుతూ మెట్లెక్కి, టేబుల్ చూసి అట్లాగే నిలబడిపోయాడు. ఆమె బంతులు పేర్చి కర్ర చేతికిచ్చి ఆడమంది. వద్దులే, తర్వాత అన్నాడు. ఇప్పుడే ఆడాలని పట్టుబట్టింది. ఎన్నాళ్లకో లోపల చిన్నగా సంబరం వేసింది ఆమెకు.

జగన్ గడ్డపార పట్టినట్టు రెండు చేతులా కర్ర పట్టుకుని వంగాడు. పొడిచాడు. కర్ర బంతిని రాసుకుంటూ పోయి పచ్చబట్టలో గుచ్చుకుంది. మళ్లీ పొడిచాడు. తెల్ల బంతి ఎగిరి డాబా మీద పడి గోడ దాకా పోయింది. రోజూ ఆడే మనిషి ఇట్లా పట్టుకోడు. ఆట రాకపోతే ఇన్ని నెలలు ఎక్కడికి పోయినట్టు? ఎవరి దగ్గరికి?

"నీకు ఆడనీకే రాదు," అంది.

"రాదు."

"మరి ఏడికి పోతున్నవ్? నిజం చెప్పు. ఎవరున్నరు ఆడ?"

జగన్ కర్రను బల్లకు ఆనించాడు. "గా పార్లర్‌కే పోత. ఎన్క ఒక సోఫా ఉంటది, ఏసీ ఉంటది. పండుకుంట. ఆడ ఎవ్వరు నన్నేం అడగరు."

ఇంట్లో ఎందుకు పడుకోలేడో అప్పుడు చెప్పాడు, ఆమె వైపు చూడకుండా. రేకుల వేడి, టీవీ మోత అవన్నీ పెద్ద లెక్క కాదట. గడప తొక్కగానే అమ్మ మందులు, ఓనర్ మాటలు, శృతి ఫీజు, సౌజన్య కళ్లల్లో రోజంతా దాచిపెట్టుకున్న కబుర్లు. ఆమెది తప్పు కాదట. తనకే వినే శక్తి లేదట. నిద్ర కోసం పోతున్నానంటే ఇంటికి రమ్మంటుంది, ఆట అంటే తిట్టి ఊరుకుంటుంది. అందుకని ఆట అన్నాడు.

వేరే ఆడది లేదని తెలిసి సౌజన్యకు ప్రాణం కుదుటపడాలి. పడలేదు. కోపం తన్నుకొచ్చింది.

"నీకు సోఫా దొరికింది. నన్ను ఎవ్వరు ఏం అడగకుండ ఉండే జాగ నాకేది జగన్?" అంది. గొంతు పెంచలేదు. పెంచడానికి కూడా బలం కావాలి.

ఆమె జవాబు కోసం ఆగలేదు. బంతులన్నీ ఒక పక్కకు తోసి, టేబుల్ ఎక్కి, పచ్చబట్ట మీద ఒత్తిగిలి పడుకుని కళ్లు మూసుకుంది. నాన్న పనిముట్లు మంచివి, చేసిన చేతులు మంచివి, బల్ల ఇసుమంత కూడా కదల్లేదు.

జగన్ లోపలికి పోయి టీవీ ఆపేశాడు. లచ్చమ్మ ఏమైందని నోరు తెరవబోతే, ఏం అడగొద్దని చేత్తో సైగ చేశాడు. ఫ్యాన్‌ను వైరుతో సహా బయటికి తెచ్చి టేబుల్ వైపు తిప్పాడు. ఆమె జుట్టు గాలికి కదిలింది. అతను కూడా ఒక మోకాలు టేబుల్ మీద మోపాడు.

సౌజన్య కళ్లు తెరవకుండానే, "బెల్టు తీసి ఎక్కు, బట్ట చినుగుతది," అని సగం బల్ల వదిలి పక్కకు జరిగింది.