ఎర్ర క్రేయాన్ మీద గాటు

మదనపల్లె టమాటా మార్కెట్‌లో బైరప్పకు ఒక పేరుంది: కళ్లు మూసుకుని కాయ ఏరతాడని. పొగడ్తగానే అంటారు. దూరం పోయే లారీకి దోరకాయ, దగ్గరి ఊళ్లకు పండు. ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో నొక్కి ఈ క్రేటులోకో ఆ క్రేటులోకో వేసుకుంటూ పోతాడు. ఆ మాట విన్నప్పుడల్లా నవ్వుతాడు. అది ఉన్న నిజమేనని ఇన్నేళ్లలో ఎవరికీ తట్టలేదు. దోరదీ పండుదీ ఆయన కంటికి ఒకటే రంగు, ఎండుటాకు లాంటిది.

చిన్నప్పుడు నిమ్మనపల్లె చేలో పండుమిరపకాయలు కోసుకురమ్మంటే సగం పచ్చివి కోసుకొచ్చాడు. కూలీలందరి ముందూ తండ్రి "గుడ్డినాయాలా" అన్నాడు. ఆ రోజు నవ్విన వాళ్లలో ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. నవ్వు మిగిలింది. అప్పటినుంచీ కళ్లు చేయాల్సిన పని వేలికి నేర్పుకున్నాడు. భార్య బతికున్నన్నాళ్లూ ఆమెకు కూడా చెప్పలేదు.

ఇప్పుడు మనవడి వంతు వచ్చింది.

లోహిత్ ఎల్కేజీ చదువుతున్నాడు. అక్షరాలు వచ్చాయి, అంకెలు వచ్చాయి, గుండ్రం, చదరం, మూడు మూలలది అడగ్గానే గీస్తాడు. రంగుల దగ్గరే ఆగిపోయాడు. వాడి తల్లి, బైరప్ప కూతురు యమున, పట్టుచీరల అంగడిలో పనిచేస్తుంది. కుంకుమరంగుకీ దానిమ్మరంగుకీ తేడా దూరం నుంచే చెప్పగల మనిషి. మొగుడు కుప్పంలో గ్రానైట్ ఫ్యాక్టరీలో ఉంటాడు, ఆదివారం తప్ప రాడు. పిల్లవాడి చదువంతా ఆమె నెత్తిమీదే.

"ఇదేం రంగురా?"

"పచ్చ."

స్కేలు మోకాలి మీద పడింది. "అన్నీ వస్తాయి, ఇదొక్కటి యాల రాదు? కావాలనే సెప్తాండావు కదా నువ్వు! ఎరుపు! ఇది ఎరుపు!" చేతిలోని క్రేయాన్‌ను విసిరికొట్టింది. అది దొర్లుకుంటూ వచ్చి బైరప్ప కాలి దగ్గర ఆగింది. లోహిత్ ఏడుస్తూ తాత వైపు చూశాడు.

"అమ్మా యమునా..."

"ఏమి నాయనా?"

చెప్పాల్సింది ఒక్క మాటే. బిడ్డ తప్పేం లేదు, వాడి కళ్లు నా కళ్లే అని. కానీ ఆ మాట ఇంట్లో ఆగదు. మార్కెట్‌కు నడిచిపోతుంది, క్రేట్ల మధ్య నిలబడి నవ్వుతుంది.

"బిడ్డకు ఆకలైతాంది. అన్నం పెట్టమ్మా," అన్నాడు.

ఆమె లోపలికి పోగానే క్రేయాన్ తీసుకుని దాని మొదట్లో గోటితో లోతుగా గాటు పెట్టాడు. వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. "ఈడ తడిమి సూడు. గాటు తగిలిందా? తగిలితే ఎరుపు. అంతే."

వాడు తడిమి చూశాడు. "తాతా, నీకు కనపడతాదా?"

ఈ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. అడగని దానికి జవాబు దాచుకోవడం సులువు. "లేదురా. నాకూ అంతే."

ఉబ్బిన మొహంతోనే వాడు నవ్వాడు. ఇంకొకడు దొరికాడన్న నవ్వు. బైరప్పకు గుండెలో ఏదో తేలికయింది. మరుక్షణమే భయమేసింది. "ఎవురికీ సెప్పగూడదు. సరేనా?"

నాలుగు రోజులు ఇంట్లో స్కేలు లేవలేదు. యమున కొడుకును ముద్దు పెట్టుకుని, ఎర్ర చొక్కా కొనితెచ్చింది. బడిలో రెడ్ డే అంట, తల్లులందరినీ రమ్మన్నారు. ఆ పూట అంగడికి సెలవు పెట్టి పోయింది.

తిరిగొచ్చేసరికి ఆమె మొహం చూడలేకపోయాడు బైరప్ప.

"బుట్టలో నుంచి ఎర్ర బంతి తీయమంటే ఒక్కొక్క బంతినీ వేలితో తడుముతా నిల్చుకున్నాడు నాయనా! దేవులాడుకునేవాని మాదిరి! అందరూ పడీపడీ నవ్వినారు." క్రేయాన్ల డబ్బా తీసి ఒక్కొక్కదాన్నీ తడిమింది. దొరికింది. "ఈ గాటు ఎవురు పెట్టింది? ఎవురురా నీకు దొంగసదువు నేర్పించింది?"

"తాత," అన్నాడు లోహిత్. "తాతకూ కనపడదు మా."

యమున ఆగింది. కోపంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. కూరగాయల గంపలోంచి రెండు టమాటాలు తీసి తండ్రి ముందు పట్టింది. "ఇంటివా నాయనా? మార్కెట్‌కంతా కాయ ఏరేవానికి రంగులు తెలీవంట. ఏది పండో సెప్పు వీనికి."

లోహిత్ ఏడుపు ఆపి ఆశగా చూస్తున్నాడు. తలుపు ఇంత బార్లా ఇంకెప్పుడూ తెరుచుకోదని బైరప్పకు తెలుసు. కనపడదమ్మా అంటే చాలు. మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ చేయి అంతకన్నా ముందే పోయింది. బొటనవేలు ఒకదాన్ని నొక్కింది, రెండోదాన్ని నొక్కింది.

"ఇది పండు. అది దోర." అన్నాడు. "పసిబిడ్డ మాటలు, వాటిని పట్టుకుంటావా?"

చెంపదెబ్బ గట్టిగా పడింది. "నువ్వు సేసింది సాలక తాత మీద అబద్ధాలు సెప్తావా!" గాటున్న క్రేయాన్‌ను రెండుగా విరిచి వీధిలోకి విసిరింది.

ఈసారి లోహిత్ ఏడవలేదు. తాత మొహం వైపు కూడా చూడలేదు. తాత బొటనవేలినే చూశాడు.

కాసేపటికి వంటింట్లోంచి యమున గొంతు వినిపించింది. "సూడు నాయనా, దెబ్బ పడితేగానీ బుద్ధి రాలేదు. తనంతట తానే రంగులు ముందరేసుకోని కూసున్నాడు."

బైరప్ప గడపలో నిలబడి చూశాడు. వాడు మిగిలిన క్రేయాన్లను వరసగా పెట్టుకుని, ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో నొక్కుతున్నాడు. నొక్కి, తల కొంచెం వంచి, ఆగుతున్నాడు. తర్వాతిది తీసుకుంటున్నాడు. అన్నీ ఒకటే గట్టిగా ఉన్నాయి.