రేడియో గారి పాఠం

ఊరు గుండ్రంగా కట్టారన్నది ముందా, నది సంగతి ముందా, మా ఆయనైతే నదితోనే మొదలుపెట్టేవాడు, టైగ్రిస్ ఒడ్డున అని ఆగి, గొంతు సవరించుకుని, అప్పుడు బాగ్దాదు, గుండ్రటి గోడ, నాలుగు ద్వారాలు, నేనూ అలాగే ఆగి దగ్గాను, నా గొంతుకి ఏ రోగమూ లేదు, అయినా పాఠంలో అక్కడ దగ్గు ఉంది కాబట్టి దగ్గాను, ఎదురుగా నర్సింగు కాలేజీ అమ్మాయిలు ఒకే రంగు యూనిఫాముల్లో నిలబడి గోడ మీది పటం చూస్తున్నారు, వాళ్ళ వెనకాల చేతులు కట్టుకుని మేడమ్, ఈ మ్యూజియానికి పెద్ద, నన్ను పరీక్ష చెయ్యడానికే వచ్చింది, ఈ హాలంతా తిప్పి ఇస్లామిక్ నాగరికత చరిత్ర తడబడకుండా చెప్పగలిగితే గైడు ఉద్యోగం నాది, అంటే మా ఆయనది, పక్షవాతం వచ్చి ఆయనకి మాట పడిపోయాక, ఆయన వచ్చేదాకా నేను చూసుకుంటానండీ అని నేనే వచ్చి అడిగాను, ఆయన వచ్చేదాకా అని నొక్కి మరీ అన్నాను, మేడమ్ దానికి అవునూ అనలేదు కాదూ అనలేదు, ముందు ఒకసారి చెప్పి చూపించండమ్మా అంది.

ఇవి స్పెయిన్‌లోని కార్డోబాలో ఒక వైద్యుడు తన పుస్తకంలో గీసిన బొమ్మల్ని చూసి చేయించిన నకళ్ళు, ఇది కత్తి, ఇది కొక్కెం, ఇది పళ్ళు పీకే పట్టుకారు, మీలో ఎవరికైనా పంటినొప్పి ఉంటే ఇప్పుడే చెప్పండి, అమ్మాయిలు గొల్లున నవ్వారు, ఆయన జోకు ఇంకా పనిచేస్తోంది, నాకు నవ్వు రాలేదు, భయమూ వెయ్యడం లేదు, అదే చోద్యం, ఆయన్ని ఆసుపత్రి లోపలికి తోసుకెళ్ళిననాటి నుంచీ ఇంతే, చుట్టాలు నా మొహం చూసి గుండె రాయి చేసుకుంది పాపం అనుకున్నారు, రాయీ లేదు రప్పా లేదు, పన్ను పీకేముందు ఇంజెక్షను ఇస్తే చెంప ఎలా ఉంటుందో మనిషి మొత్తం అలా ఉంది, నొక్కితే తెలుస్తుంది, నొప్పి మాత్రం లేదు, ఇటు రండమ్మా, ఇది ఆస్ట్రోలేబు, ఇత్తడి పళ్ళెంలా ఉంది కదూ, దీంతో నక్షత్రాల ఎత్తు కొలిచేవారు, నమాజు వేళలు కట్టేవారు.

మొదట్లో ఉమయ్యదులూ అబ్బాసీలూ ఫాతిమిద్‌లూ, ఖలీఫాల వంశాలన్నీ కలగాపులగం అయిపోయేవి, పాఠం ఆయన నోట విననిదేం కాదు, బీరువా అద్దం ముందు నిలబడి చేతులు ఊపుతూ వల్లించేవాడు, మ్యూజియంలో అందరూ ఆయన్ని రేడియో అనేది ఊరికే కాదు, అబ్బబ్బ కాస్త ఆపండీ అని నేను వంటింట్లోంచి అరిచేదాన్ని, అలా చెవిన పడ్డదంతా పోగేసి, భోజనాల బల్ల దగ్గర ఆయన ఎదురుగా కూర్చుని కూరలు తరుగుతూ అప్పజెప్పడం మొదలుపెట్టాను, ఆయనకి మిగిలింది ఒక్క మాట, తర్వాత, ఆకలేస్తోందా అంటే తర్వాత, కాలు నొప్పా అంటే తర్వాత, అదీ నాలుక మందమై ఎవరో పరాయి మనిషి అన్నట్టు వస్తుంది, అయినా నేను తప్పు చెబితే మాత్రం చెంచాతో బల్ల మీద టక్కున కొట్టేవాడు, చివరికి నా తోవ నేను చూసుకున్నాను, అబ్బాసీలంటే ప్రవక్త గారి బాబాయి వంశం, ఫాతిమిద్‌లంటే కూతురి వంశమని చెప్పుకున్నవాళ్ళు, ఉమయ్యదులకీ అబ్బాసీలకీ దాయాదుల గొడవ, ఆ గొడవలో ఇంటిల్లిపాదీ పోతే ఒక్క కుర్రవాడు తప్పించుకుని సముద్రం దాటి స్పెయిన్‌లో కాపురం పెట్టాడు, అంతే కదా, మా అత్తగారి తరఫు చుట్టరికాలన్నీ గుర్తుపెట్టుకున్నదాన్ని, ఖలీఫాలొక లెక్కా, అని నేనంటే ఆయన నవ్వాడు, సగం మొహంతో నవ్వాడు, ఆ సగం మొహం చూసినప్పుడైనా నాకు ఏడుపు రావాలి, రాలేదు, తర్వాత, అన్నాడు ఆయన, నేను తరువాతి ఖలీఫాకి వెళ్ళిపోయాను.

పొద్దున బయల్దేరుతుంటే మా ఆడపడుచు గుమ్మానికి అడ్డం నిలబడింది, పగలంతా ఆయన్ని చూసుకునేది తనే, పాపం ఎన్ని పనులు మానుకుని వస్తోందో, వదినా, వాళ్ళు ఉద్యోగం నీ పేరు మీద రాస్తామంటే ఒప్పేసుకోకు, అన్నయ్య చెవులు బాగానే పనిచేస్తున్నాయి, తన పేరు తీసేశారని వింటే ఇంక ఆ మనిషికి ఏం మిగుల్తుంది చెప్పు, అంది, నేనెందుకు ఒప్పుకుంటాను, ఆయన కుర్చీ ఆయనదే, నేను కాపలా ఉన్నానంతే, అన్నాను, మాట నేర్పడానికి వచ్చే ఆవిడ, మాట వచ్చేదైతే ఈపాటికి రావాలండీ అని మెట్లు దిగుతూ గొణిగిన సంగతి ఆడపడుచుకి చెప్పలేదు, నేనూ వినలేదనే అనుకున్నాను, వినకపోతే ఒక గొడవ తగ్గుతుంది.

ఇక ఈ అద్దాల పెట్టెలో ఉన్నది కాగితం, తలాస్ యుద్ధంలో పట్టుబడ్డ చైనావాళ్ళు సమర్కందులో కాగితం చెయ్యడం నేర్పారు, మేడమ్ కనుబొమలు పైకి లేచాయి, అది కథ, రుజువు లేదు, చివర అంట అని కలిపి చెప్పండయ్యా అని ఆవిడ ఆయనతో ఎన్నేళ్ళు పోరిందో నాకు తెలుసు, ఇంటికొచ్చి విసుక్కునేవాడు, అంటలూ గింటలూ పెడితే ఎవరు వింటారే అని, అందుకే నేనూ కలపలేదు, ఆయన తప్పుల్ని కూడా తు.చ. తప్పకుండా మోసుకొచ్చాను, కాగితం చవకయ్యాక బాగ్దాదులో పుస్తకాలు వెల్లువెత్తాయి, గ్రీకు నుంచి, పారశీకం నుంచి, సంస్కృతం నుంచి అన్నిటినీ అరబ్బీలోకి తిరగరాసుకున్నారు, అక్కడితో ఆ పేరా అయిపోయింది, ఊపిరి తీసుకున్నాను.

మరి అసలు పుస్తకాలేమయ్యాయండీ, అందో అమ్మాయి, కళ్ళజోడు పిల్ల, అది పాఠంలో లేదు, ఆయన్ని ఎవరూ అడగలేదో అడిగినా నాకు చెప్పలేదో, ఈ పరీక్ష కోసం లైబ్రరీలో నేను చదువుకున్నది గుర్తొచ్చింది, కొన్ని ఉన్నాయమ్మా, కొన్ని పోయాయి, పోయినవాటిలో కొన్నింటికి ఇప్పుడు అరబ్బీలో రాసుకున్నదే మిగిలింది, గ్రీకులో ఎంత వెతికినా దొరకదు, అన్నాను, ఆ పిల్ల ఊరుకోలేదు, అంటే అసలాయన ఏ మాటల్లో ఎలా చెప్పాడో ఇంక ఎవరికీ తెలీదన్నమాట, అంది, తెలీదమ్మా, అన్నాను.

అమ్మాయిలు చప్పట్లు కొట్టి పక్క హాల్లోకి వెళ్ళిపోయారు, మేడమ్ దగ్గరికొచ్చింది, చాలా బాగా చెప్పారమ్మా, కళ్ళు మూసుకుంటే రేడియో గారే ఉన్నట్టుంది, అంది, కాకపోతే ఆయన వచ్చేదాకా అంటే పైవాళ్ళు ఒప్పుకోవడం లేదు, మీ పేరు మీదే పర్మనెంటు చేసేస్తాను, వద్దంటే ఇంకొకర్ని చూసుకోవాలి, ఇప్పుడే చెప్పెయ్యండి, అంది, ఆడపడుచు మొహం కళ్ళముందు కదిలింది, కళ్ళు మూసుకుంటే ఆయనేనట, నేనూ మూసుకున్నాను, ఆయన చేత ఒక్క వాక్యం చెప్పించుకుందామని, వచ్చింది, తడుముకోకుండా వచ్చింది, కానీ అది నా గొంతు, పోనీ పాఠం వద్దు, ఇంట్లో మాట, పక్కగదిలోంచి అరిచేవాడే, ఇదిగో, నా చొక్కా ఎక్కడ పెట్టావే అని, మాటలన్నీ ఉన్నాయి, అరుస్తున్నది నేనే, ఎంత తవ్వినా నేనే, మ్యూజియంవాళ్ళు ఆయన మాటలు రికార్డు చేసి మిషన్లో పెడతామంటే నా పొట్ట కొడతారా అని ఒప్పుకోలేదు, ఇంట్లో నేనెందుకు చేస్తాను, పగలూ రాత్రీ చెవులు హోరెత్తించే మనిషి గొంతు ఎవరు దాచుకుంటారు, అది ఆయనకి ఏ రోజు పోయిందో నాకు తెలుసు, నాలోంచి ఏ సాయంత్రం పోయిందో తెలీదు, ఆయన ఎదురుగా కూర్చుని, ఆయన్ని నిలబెడుతున్నాననుకుంటూ, ఒక్కో వాక్యం మీదా నా గొంతు పూసుకుంటూ పోయాను, పర్మనెంటే చెయ్యండి మేడమ్, అన్నాను, అన్నది నేనే, ఆయన వచ్చేదాకా అని ఇన్నాళ్ళూ అందరికీ చెబుతున్నానే, ఇప్పుడు మా ఆయనకి నిజంగానే మాట వచ్చి, రోడ్డు మీద వెనక నుంచి నన్ను పిలిస్తే, ఎవరో ఎవరినో పిలుస్తున్నారనుకుని నేను ముందుకి నడిచి వెళ్ళిపోతాను.