మందు రాసేదాకా లేవనన్న మనిషి

పురుగుల మందు కొట్టే అతన్ని వీధిలో అందరూ పంపు అంటారు. ఆ ఉదయం పంపు భుజాన మందు డబ్బా లేదు, నాలుగేళ్ల కూతురు ఉంది. జలుబు చేసి మూడు రోజులు.

డాక్టరమ్మ ఛాతీ విన్నది, చెవులు చూసింది, గొంతులో టార్చి వేసింది.

"మామూలు జలుబే. వైరస్. వారం పది రోజుల్లో అదే పోతుంది."

"ఆ గులాబీ రంగు యాంటీబయాటిక్ రాయండి."

"అది బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది. దీని మీద చేయదు."

"చేయకపోయినా ఫరవాలేదండీ, రాయండి."

డాక్టరమ్మ కలానికి మూత పెట్టింది. కిందటేడు ఇలాగే మొదలైన జలుబు పాపను ఆరు రోజులు ఆస్పత్రి మంచం ఎక్కించింది. ఈసారి ఒట్టి చేతులతో ఇంటికి వెళ్లే ధైర్యం పంపుకి లేదు.

"మందు రాసేదాకా లేవను."

"సరే, కూర్చోండి," అని డాక్టరమ్మ తలుపు వైపు చూసింది. "తర్వాత ఎవరు?"

తర్వాతివాళ్లు నిలబడే చూపించుకున్నారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు పంపుని కూడా డాక్టరే అనుకున్నారు. వాళ్ల పిల్లాడు అతనివైపు తిరిగి నాలుక చాపాడు. బాగుండదని పంపు చూశాడు.

"ఎలా ఉంది సార్?" అంది తల్లి.

"ఎర్రగానే ఉందమ్మా."

పదకొండింటికల్లా టార్చి పట్టుకునే పని అతని మీద పడింది. పాప తూకం యంత్రం ఎక్కి దిగుతోంది. ఎన్నిసార్లు ఎక్కినా పదిహేను కిలోలే.

పన్నెండింటికి బేకరీ ఆయన కూతుర్ని తీసుకొచ్చాడు. పిల్ల సంగతి చెప్పకముందే పంపు కనబడ్డాడు.

"ఏమోయ్ పంపూ! నువ్విచ్చింది మందా, నీళ్లా? బొద్దింకలు చావడం మానేశాయి."

పంపుకి ఒళ్లు మండింది.

"ఎలా చస్తాయండీ? మిగిలిన మందు దాచుకుని బల్లి కనబడితే కొట్టారు, ఎలుక కనబడితే కొట్టారు. బొద్దింకలకి వారం కొట్టమంటే రెండ్రోజులు కొట్టి ఆపేశారు. అర్భకాలు చచ్చాయి, మొండివి బతికాయి. ఇప్పుడున్నవి వాటి పిల్లలే. వాటికిక నా మందు స్నానానికి వేణ్నీళ్లు!"

డాక్టరమ్మ స్టెతస్కోపు చెవుల్లోంచి తీసింది.

"ఇంకోసారి చెప్పండి, మెల్లగా," అంది డాక్టరమ్మ. "బయటివాళ్లని కూడా లోపలికి పిలుస్తాను."

పంపు చెప్పాడు. నాలుగోసారి చెబుతుండగా తన మాట తనకే వినబడింది. ఆగి, కుర్చీలోంచి లేచాడు.

"మరి నిజంగా అవసరమైతే అమ్మా?"

"అవసరమైతే నేనే రాస్తాను. చెప్పినంత, చెప్పినన్ని రోజులూ పోయాలి. ఊపిరి వేగం పెరిగినా, డొక్కలు లోపలికి లాగుతున్నా, తాగడం మానేసినా వెంటనే తీసుకురండి."

పాప పొట్ట మీద చేయి పెట్టించి, గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టడం నేర్పింది. ఈ వయసుకి నిమిషానికి నలభై లోపు ఉండాలి.

అంతలో పంపు అత్తగారు వచ్చింది, చేతిలో సగం ఉన్న గులాబీ మందు సీసాతో.

"ఏం అల్లుడూ, ఇంకా రాయించుకోలేదా? పోనీ ఇది పోద్దాం. పక్కింటి పిల్లాడికి వాడగా మిగిలింది."

పంపు సీసా అందుకుని డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు.

"వద్దత్తయ్యా. ఇప్పుడు ఊరికే వాడితే, కావాల్సిన రోజు పనిచేయదు."

"చెప్పొచ్చావులే, బొద్దింకల డాక్టరువి!" అంటూ ఆవిడ ఆ కుర్చీలో కూర్చుంది. "రాసేదాకా నేను లేవను."

"కూర్చోండమ్మా. కాస్త ఈ టార్చి పట్టుకోండి," అంది డాక్టరమ్మ.

పంపు పాపను ఎత్తుకుని బస్టాపు దాకా నడిచాడు. బల్ల మీద కూర్చోబెట్టి, గౌను మీద అరచెయ్యి ఆనించి, వాచీ చూస్తూ లెక్క మొదలుపెట్టాడు. పదహారు దగ్గర పాపకు నవ్వొచ్చింది. మళ్లీ ఒకటి నుంచి. ఈసారి ఊపిరి బిగబట్టి అతని ముఖంలోకి చూసింది.

"నాన్నా, ఇప్పుడెన్ని?"

"మాట్లాడితే లెక్క తప్పుతుందే తల్లీ."

రెండు బస్సులు వెళ్లిపోయాయి. మూడోసారికి నిమిషం నిండింది. ఇరవై ఎనిమిది. నమ్మకం కుదరక ఇంకోసారి లెక్కపెట్టి, అప్పుడు చెయ్యెత్తి బస్సు ఆపాడు.