దర్జీ కుట్టిన దగ్గు

తొమ్మిదయ్యేసరికి దర్జీ మిషను ముందు కూర్చునేది. చొక్కా అయినా గౌను అయినా ఆమె చేతిలో పడితే సాయంత్రానికి తయారు. కుట్టుకు వంక పెట్టే పనే లేదు. కాకపోతే ఈమధ్య ఆమె కుట్టిన బట్టలు దగ్గుతున్నాయి.

"అక్కా, మీటింగులో నా చొక్కా ఒకటే దగ్గు. మా ఆఫీసరు గుడ్లురిమాడు," అన్నాడు గుమాస్తా.

"ఇటివ్వు తమ్ముడూ, వేడిగా ఇస్త్రీ పెడతాను," అని ఆమె నొచ్చుకునేది. ఇస్త్రీకి బట్టలు నాలుగు రోజులు ఊరుకుని, మళ్ళీ మొదలెట్టేవి.

ఆమె దగ్గుకూ మూడు నెలలు నిండాయి. మందుల షాపు సిరప్పు ఆరు సీసాలయ్యాయి. ఒక డాక్టరు బట్టల నూగు పడట్లేదన్నాడు, ఇంకొకాయన చలిగాలన్నాడు. "పెద్దాసుపత్రికి పోదాం పదవే," అని మొగుడు పోరుతుంటే, "ఈ నాలుగు జతలూ అయిపోనీ," అనేది.

ఒక మధ్యాహ్నం ఆ ఆసుపత్రి ల్యాబులో కళ్లె పరీక్షలు చేసే ఆవిడ, దర్జీ కుట్టిన తెల్లకోటు పట్టుకొచ్చింది.

"ఇస్త్రీ చేసిస్తాను మేడమ్," అంది దర్జీ అడక్కముందే.

"కోటుకేం కాలేదు. వారం రోజులుగా కొక్కేనికి తగిలించి వింటున్నాను. రోజూ సాయంత్రం వెచ్చబడుతోంది. ఈ దగ్గు ఎవరిదా అని తెలుసుకుందామని వచ్చాను."

దర్జీకి నవ్వొచ్చింది. నవ్వుతోపాటే దగ్గు తెర కమ్మి, మిషను పట్టుకుని వంగిపోయింది.

"సాయంత్రాలు జ్వరమొస్తోందా?"

"ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంటోంది. అన్నం సయించట్లేదు. అలసట అనుకున్నా."

"కళ్లె పరీక్ష ఎవరైనా రాశారా?"

"ఎవరూ అడగలేదు. అందులో ఏం కనబడుతుంది?"

"చూస్తే తెలుస్తుంది," అని ఆవిడ మూతున్న డబ్బీ చేతిలో పెట్టింది.

"నా బట్టలు కట్టుకున్నవాళ్ళకి గానీ..." దర్జీ కుట్టి పెట్టిన బట్టల వైపు చూసింది.

"బట్టలతో అంటదు. గాలితో అంటుతుంది. మీ ఆయన్ని కూడా తీసుకురండి."

టీబీ అని తేలింది. మొగుడికేమీ లేదు. పెద్ద డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. "ఇంకో నెల ఆగుంటే ఎడమ ఊపిరితిత్తి దక్కేది కాదు. ఎవరు పంపారమ్మా?"

"కోటు," అంది దర్జీ.

ఆయన తలూపి చీటీ మీద అలాగే రాసుకున్నాడు. ఆరు నెలలు ఒక్కరోజు కూడా మాత్ర మానొద్దన్నాడు.

రెండో నెలలో ఒకరోజు ఆమె కంచం ఖాళీ చేసి, "ఇంకాస్త పెట్టు," అంది. మొగుడు గిన్నె అడుగంటా గీకి పెట్టి, తను తినడం మర్చిపోయి, ఆమె తింటుంటే చూస్తూ కూర్చున్నాడు.