ప్రేమమణి టీచరు ఏడుపు

జాతీయ సినిమా అవార్డుల్లో ఉత్తమ నటి మాధురి అని టీవీలో చెప్పగానే అల్వాల్‌లో ప్రేమమణి టీచరు సంతోషించి ఉండాల్సింది. సంతోషించలేదు. పొయ్యి మీద పోపు మాడుతున్నా పట్టించుకోకుండా, చేతిలో గరిటెతో టీవీ ముందు నిలబడి, "ఆ పిల్లకి 'ళ' కూడా పలకదే!" అంది.

ప్రేమమణిది భీమిలి. పెళ్ళయి సికింద్రాబాద్ వచ్చి, ఒక మిషన్ బళ్ళో ముప్పై రెండేళ్ళు తెలుగు చెప్పి రిటైరైంది. అవార్డొచ్చిన సినిమా తీసిన కల్యాణ్ ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. వాడి అమ్మానాన్నలది విజయనగరం వైపైనా, సైనిక్‌పురిలో పుట్టి పెరిగిన వీడికి ఆ యాస నోటికి రాదు. తీసేదేమో జాలరి ఆడదాని కథ. తెచ్చుకున్నదేమో నాగపూర్ పిల్లని. అందుకే రెండేళ్ళ కిందట టీచరు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"టీచర్, డైలాగులన్నీ ఒకసారి మీ గొంతుతో రికార్డ్ చేసి పెట్టండి. మాధురికి 'ళ' కూడా పలకదు, విని నేర్చుకుంటది. తర్వాత మీ ట్రాక్ తీసేస్తాం," అన్నాడు.

ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక ఇరుకు స్టూడియోలో మూడు రోజులు కూర్చుని మాటలన్నీ చెప్పి వచ్చింది ప్రేమమణి. మూడో రోజు జరిగిన సంగతి మాత్రం ఇంట్లో చెప్పలేదు.

ఆ రోజు సన్నివేశంలో వేటకెళ్ళిన మొగుడు రాడు, పడవ ఒక్కటే ఒడ్డుకొస్తుంది. కాగితం మీద మాటల్లేవు. "మీ ఊళ్ళో ఎట్లా ఏడుస్తారో అట్లా ఏడవండి టీచర్," అన్నాడు కల్యాణ్. అదెంత భాగ్యం అనుకుని మొదలుపెట్టింది. రెండు దీర్ఘాలు తీసేసరికి జాలరి ఆడది ఎటో పోయింది, చెల్లెలు గ్లోరియా వచ్చి ఎదురుగా కూర్చుంది. కరోనాలో పోయింది గ్లోరియా. ఆసుపత్రి నుంచి నేరుగా సమాధుల తోటకి తీసుకుపోయారు. ముఖం చూడనివ్వలేదు, దగ్గరికి రానివ్వలేదు. వాళ్ళవాళ్ళలో ఎవరు పోయినా గుంట చుట్టూ నిలబడి అందరూ కలిసి ఒక పాట పాడి సాగనంపుతారు. ఆ పాట కూడా లేదు. ఇరవై ఏళ్ళు చర్చి క్వయర్‌ని నడిపించిన మనిషి పాట లేకుండా మట్టిలో కలిసిపోయింది.

మైకు ముందు అదంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ఏడ్చి ఏడ్చి, చివర ఆ సమాధి పాట రాగాన్నే పెదవులు విప్పకుండా కూనిరాగంలా తీసి ఆగింది ప్రేమమణి. "కాసిన్ని మంచినీళ్ళివ్వు నాయనా," అని తాగి, ఇంటికొచ్చి వంకాయ కూర వండింది. అంతే. మళ్ళీ ఎప్పుడూ అలా ఏడవలేదు.

ఇప్పుడీ అవార్డు.

"సొంత గొంతు కాకపోతే నటనకి అవార్డు ఇవ్వరట," అన్నాడు భర్త ప్రభుదాస్, పేపరు మడుస్తూ. రైల్వే ఆఫీసులో ఫిర్యాదుల కాగితాలు చూసీ చూసీ రిటైరైన మనిషి. ఆయన కంటికి లోకంలో ప్రతివాడూ ఏదో ఒకటి దాస్తున్నవాడే. "రెండేళ్ళలో ఆ అమ్మాయి నీలాగా మాట్లాడేసిందా? నమ్మమంటావా?"

"ఊరుకోండి, మా కల్యాణ్ అలాంటివాడు కాదు," అంది ప్రేమమణి. అంది గానీ మనసులో ముల్లు దిగింది. అవార్డొచ్చి పది రోజులైంది, మా కల్యాణ్ ఒక్క ఫోన్ చెయ్యలేదు. సినిమా ఇంకా హాళ్ళలోకి రాలేదు, చూద్దామంటే చూసే దారి లేదు. ఫెస్టివల్‌లో చూసినవాడెవడో పేపర్లో రాశాడు, శోకం చివర ఆ నటి తీసిన కూనిరాగం వారం రోజులు తనను వదల్లేదని. ఆ ముక్క చదివి ప్రేమమణి పేపరు కింద పెట్టేసింది. కూనిరాగమా? కాగితం మీద లేని కూనిరాగం ఆ పిల్లకి ఎక్కడిది?

పదకొండో రోజున మిఠాయి డబ్బాతో దిగాడు కల్యాణ్. కూర్చోకుండానే, "టీచర్, పత్రికలవాళ్ళు ఎవరైనా ఫోన్ చేస్తే మన రికార్డింగ్ సంగతి ఎత్తకండి. ఎవడో గొంతు గురించి కంప్లయింట్ పెట్టిండట. జర టెన్షన్ నడుస్తోంది," అన్నాడు.

"నా ట్రాక్ తీసేశావా?"

"తీసేశా టీచర్. ప్రామిస్," అన్నాడు ఫ్యాను వైపు చూస్తూ.

ఏడో తరగతిలో హోంవర్క్ పుస్తకం ఇంట్లో మర్చిపోయానన్నప్పుడల్లా వీడు ఫ్యాను వైపే చూసేవాడు. వాడు మెట్లు దిగాక ప్రభుదాస్ భార్య ముఖంలోకి చూశాడు. ఈసారి ఆవిడ ఊరుకోండి అనలేదు.

అవార్డులిచ్చే రోజు మధ్యాహ్నం మూడింటికే ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. ఢిల్లీలో పెద్ద హాలు, ఒకరి తరువాత ఒకరు వేదిక ఎక్కి పతకం తీసుకోవడం, చప్పట్లు. మాధురి పేరు పిలిచి, ఆమె నడిచి వస్తుండగా వెనక తెర మీద సినిమా ముక్క వేశారు. ఇసుకలో ఖాళీ పడవ. దాని అంచు పట్టుకుని ఏడుస్తున్న ఆడది. ఆ ఏడుపు సన్నగిల్లి కూనిరాగమైంది.

ప్రేమమణి టీవీ దగ్గరికి జరిగింది. అదే పాట. అంతే అయితే ఆ పిల్ల ఎక్కడైనా విని నేర్చుకుందేమో అనుకునేది. కానీ ఆ పాట మూడో పాదంలో లోకమంతా పైకి వెళ్ళేచోట, తాను చిన్నప్పటి నుంచీ కిందికి దిగుతుంది. ఎన్నిసార్లు దిద్దినా అంతే. క్వయర్‌లో పక్కన నిలబడ్డ గ్లోరియా మోచేతి మీద గిల్లి, "అక్కా, పైకి! పైకి!" అనేది. తెర మీద ఆడది కూడా కిందికే దిగింది.

"నీ గొంతే!" అన్నాడు ప్రభుదాస్ లేచి నిలబడి.

పేరు రాలేదనీ పతకం రాలేదనీ కాదు ఆవిడ బాధ. కట్టుకున్న భర్తకి కూడా వినిపించని ఏడుపు అది, గ్లోరియా కోసం దాచుకున్నది. దాన్ని చెప్పాపెట్టకుండా ఎత్తుకుపోయి ఊరందరి ముందూ పరిచారు. అదీ తన చేత అక్షరాలు దిద్దించుకున్నవాడు. ప్రభుదాస్ ఢిల్లీకి ఉత్తరం రాశాడు, "గౌరవనీయులైన అధికారి గారికి" నుంచి "తగు చర్య తీసుకోగలరు" వరకు రెండు పేజీలు. ప్రేమమణి అక్షరదోషాలు దిద్ది మరీ సంతకం పెట్టింది.

మర్నాడు ఆదివారం, పోస్టాఫీసు లేదు. సోమవారం పొద్దున పదకొండింటికి ప్రభుదాస్ కవరు జేబులో పెట్టుకుని చెప్పులేసుకుంటుంటే బెల్ మోగింది. తలుపు తీస్తే కల్యాణ్, పక్కన నూలు చుడీదార్‌లో ఒక బక్కపలచని అమ్మాయి.

"నమస్తే ఆంటీ. నేను మాధురి. ఢిల్లీ నుంచి మొదలు మీ ఇంటికే వచ్చాను," అంది కూడబలుక్కుంటూ. కల్యాణ్ కుర్చీ లాగబోయాడు.

"కూర్చోవద్దు," అంది ప్రేమమణి. "ఆ ఏడుపు నీదేనా?"

"టీచర్, నేను చెప్తా..."

"నువ్వు నోరు మూసుకో. నిన్ను తర్వాత అడుగుతా." అమ్మాయి వైపు తిరిగింది. "నీదే అయితే ఇక్కడ, ఇప్పుడే ఒప్పజెప్పు."

పద్యం రాని పిల్లల్ని ముప్పై రెండేళ్ళు నిలబెట్టిన గొంతది. మాధురి బిక్కచచ్చి కల్యాణ్‌ని చూసింది. "చేతులు కట్టుకో, చెప్పేయ్," అన్నాడు వాడు మెల్లగా. ఆ అమ్మాయి చేతులు కట్టుకుంది, కళ్ళు మూసుకుంది, ఏడవడం మొదలుపెట్టింది.

మొదటి దీర్ఘానికే ప్రేమమణికి తెలిసిపోయింది. ఇది తన గొంతు కాదు, తనకంటే సన్నం. టీవీలో విన్నది ఇదే. కానీ ఆ ఎగశ్వాస తనది. మాట రాక గుటక వేసిన చోటు తనది. అక్షరం పొల్లు పోకుండా వస్తోంది. తరువాత కూనిరాగం. మూడో పాదం దగ్గర ఆ గొంతు చక్కగా, శ్రద్ధగా, కిందికి దిగింది.

ప్రభుదాస్ చెప్పులతోనే సోఫాలో కూలబడ్డాడు.

"కరెక్టేనా ఆంటీ?" అంది మాధురి కళ్ళు తుడుచుకుంటూ. "నలభై రోజులు ఇదే విన్నాను. సార్ డిలీట్ చెయ్యమన్నారు. నేను చెయ్యలేదు. సారీ. ఇప్పటికీ ఫోన్లో ఉంది."

ఆ సంగతి ముందే తెలిసిన కల్యాణ్ ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"ఆ చివరి రాగం మీ ఊరి సముద్రం పాట కదా?"

"కాదమ్మా," అంది ప్రేమమణి. "మావాళ్ళు సమాధి దగ్గర పాడే పాట. మా చెల్లికి పాడలేకపోయాం. అందులో నేనొక తప్పు పాడతాను. మూడో పాదంలో నిజానికి పైకి వెళ్ళాలి."

మాధురి ముఖం పాలిపోయింది. "అయ్యో! తప్పు నేర్చుకున్నానా? అయితే సరిగ్గా నేర్పండి ఆంటీ, ఇప్పుడే."

"వద్దు," అంది ప్రేమమణి. "మా గ్లోరియాకి నా తప్పే తెలుసు."

ప్రభుదాస్ జేబులోంచి కవరు తీసి, నాలుగు ముక్కలు చేసి పేపరు కింద పెట్టాడు. ప్రేమమణి ఆ పాట మాటలు ఒక్కో పాదం చెబుతుంటే మాధురి వెంట పలికింది. మాటలు వచ్చాక నలుగురూ నిలబడి పాడారు. మిషన్ బళ్ళో చదివినవాడు కాబట్టి కల్యాణ్‌కీ ఆ పాట వచ్చు. మూడో పాదం దగ్గర మగవాళ్ళిద్దరూ పైకి వెళ్ళారు, ఆడవాళ్ళిద్దరూ కిందికి దిగారు. ప్రేమమణి పాడుతూనే, ఎవరో గిల్లినట్టు, మోచెయ్యి తడుముకుంది.