తమేన్ల తాడు

రెండు వేల ఇరవై ఒకటి, మార్చి నెల. బర్మాలో, యాంగోన్ నగరంలో మా సందుకు కాపలా కాసినవి పదిహేను తమేన్లు. మేం ఆడవాళ్ళం నడుముకు చుట్టుకునేవే. మా రెండో అంతస్తు వరండా నుంచి ఎదురింటి డో తిన్ మే వరండా దాకా తాడు కట్టి వాటిని వేలాడదీశాం. వాటి కిందుగా నడిస్తే మగవాడి తేజస్సు పోతుందని మావాళ్ళ నమ్మకం. సైనికులూ మావాళ్ళే కదా. రెండుసార్లు సందు మొదటిదాకా వచ్చి, పైకి చూసి, వెనక్కి పోయారు.

"చేతిలో తుపాకులు, గుండెలో మన గుడ్డలంటే దడ!" అని డో తిన్ మే పకపకా నవ్వింది. "చెల్లీ, నీ పాతదొకటి వెయ్యి. ఉతకనిదైతే మరీ మంచిది."

ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కగానే నా తమ్ముడు యే లిన్ రైల్వే పని మానేసి సమ్మెలో చేరాడు. అలాంటివాళ్ళను వెతికి పట్టుకుపోతున్నారు. వాడు మా ఇంట్లో దాక్కున్న సంగతి నాకూ, మా ఆయనకూ, డో తిన్ మేకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆమెకు నేనే చెప్పాను. పద్దెనిమిదేళ్ళుగా ఆమె చేపల మొహింగా వండితే మొదటి గిన్నె మా ఇంటికే వచ్చేది.

ఒక గురువారం ఉదయం బియ్యం కడుగుతుంటే బూట్ల చప్పుడు వినిపించింది. వరండాలోకి పరుగెత్తాను. తాడు మా కమ్మీ నుంచి కిందికి వేలాడుతోంది. తమేన్లు సందులో పడి ఉన్నాయి. సైనికులు వాటిని తాకకుండా, గోడవారగా, ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఏ తలుపూ తట్టకుండా నేరుగా మా మెట్లెక్కారు. యే లిన్‌ను సగం గీసిన గడ్డంతోనే లాక్కుపోయారు.

కిందికి దిగి చూశాను. తాడు తెగలేదు. ముడి విప్పిన చోట ఇంకా మెలిక ఉంది. తమేన్లు ఏరితే పద్నాలుగే దొరికాయి. డో తిన్ మే పెళ్ళినాటి ఆకుపచ్చ పట్టుది లేదు.

అది ఆమె ఇంట్లో, కుర్చీ మీద, మడతపెట్టి ఉంది.

"ముడి నువ్వే విప్పావా అక్కా?"

"వాళ్ళు మగాళ్ళు, ముట్టుకోరుగా. ఆడదాని చెయ్యి కావాలన్నారు." ఆమె నా వైపు చూడలేదు. "నిన్న మా అబ్బాయి జో నైంగ్‌ను పట్టుకున్నారు చెల్లీ. తాడు విప్పితే వదిలే సంగతి చూస్తామన్నారు."

"యే లిన్ గురించి కూడా అడిగారా?"

ఆమె కుర్చీ మీది పట్టు మడత సరిచేసింది.

"అడగలేదు. నేనే చెప్పాను. ఒట్టి తాడుకు ఎవరైనా కొడుకునిస్తారా?"

నేను వచ్చేశాను.

సాయంత్రం జో నైంగ్ తిరిగొచ్చాడు. చెంప వాచి ఉంది. సందులో నన్ను చూసి ఆగాడు.

"పిన్నీ, మన తాడేదీ? ఎవరు విప్పారు?"

పైన వరండాలో వాళ్ళమ్మ నిలబడి, చెప్పొద్దని నాకు చేతులు జోడించింది.

"మీ అమ్మనడుగు బాబూ," అన్నాను.