మేక దగ్గు

కసితో నేర్చుకున్న విద్య ఎవరికి చెందుతుంది? నేర్చుకున్నవాడికా, ఆ కసి పుట్టించినవాడికా? ఎడమచేతి చూపుడువేలి అంచున గట్టిపడిన గీతను చూసుకున్నప్పుడల్లా నన్ను నేను ఇలా అడుగుతాను. వేలు నాది. ఆ గీత పడడానికి కారణం ఒగ్వెనో.

హోమా బే ఊళ్ళో, సరస్సు ఒడ్డున, రేకుల కప్పు కింద ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒగ్వెనో బృందం వాయిస్తుంది. గిటారు అతనిది. గొంతు ముసలి రపేమోది. రెండో గిటారువాడు మొంబాసా వెళ్ళిపోయాక అతని కుర్చీ ఖాళీగా ఉండేది. అతని గిటారు ఆ కుర్చీకే ఆనించి ఉండేది. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే నేను, జుట్టు నెరిసే వయసులో గిటారు కొని, వేళ్ళతో తీగలు అణచే తేలికైన పట్లు కొన్ని నేర్చుకుని, ఆ కుర్చీ అడగడానికి వెళ్ళాను.

"రండి మాస్టారూ, కూర్చోండి," అన్నాడు ఒగ్వెనో. అటు తిరిగి తన గిటారు మెడ దగ్గర ఏదో సవరించుకున్నాడు. ఇటు తిరిగేసరికి అతని చెవి వెనక పెన్సిలు, మణికట్టుకు సైకిలు ట్యూబు ముక్క ఉన్నాయి. పాటగాళ్ళు పాటలో చేర్చవలసిన పేర్లు రాసుకుంటారు కదా, పెన్సిలు అందుకే అనుకున్నాను. "మా పాటలన్నీ ఎఫ్‌తోనే మొదలు. ఒక్క ఎఫ్ పట్టి చూపించండి. కుర్చీ మీదే."

ఎఫ్ అనే పట్టు పట్టాలంటే చూపుడువేలు ఒక్కటే ఆరు తీగలనూ అడ్డంగా అణచాలి. మిగతా వేళ్ళు దాని ముందు తమ పని తాము చేసుకోవాలి. అణచాను. మీటాను. రెండు తీగలు మూలిగాయి, మిగతావి టక్కుమని చచ్చాయి.

"అయ్యయ్యో, మేకకి దగ్గొచ్చింది!" అన్నాడు ఒగ్వెనో. "ఎవరన్నా కాస్త తేనె పట్రండ్రా!"

నవ్వు అక్కడితో ఆగితే నేనూ నవ్వి ఊరుకునేవాడినేమో. కానీ మా ఒడ్డున మనిషి పేరు పాటలో పడిందంటే ఇక ఊడిరాదు. మరుసటి ఆదివారమే వసోంగా మాస్టారి మేక గురించి ఒక చరణం పుట్టింది. రపేమో దాన్ని సాగదీసి పాడాడు. చరణం చివర బెంచీలన్నీ కలిసి దగ్గాయి. సోమవారం నేను నల్లబల్ల వైపు తిరగగానే వెనక నుంచి ఒక దగ్గు, దానికి జవాబుగా మరొకటి. ఇటు తిరిగితే అందరూ బుద్ధిమంతులే. చేపలమ్మే ఆవిడ కూడా తూకం వేస్తూ అడిగింది: "మాస్టారూ, మేకకి కాస్త నయమేనా?"

వసోంగా మా నాన్న పేరు. ఆయన పోయాక ఆ పేరు మోసేవాడిని నేనొక్కడినే మిగిలాను. బతికుండగా ఎవరూ చూసి నవ్వని మనిషి, పోయాక పాటలో మేకను కాస్తున్నాడు.

ఆ కుర్చీలోనే కూర్చుని, అందరి ముందూ ఎఫ్ మోగించాలి. నాన్న పేరును రపేమో నోటితోనే మళ్ళీ, శుభ్రంగా పాడించాలి. నాకు కావలసింది అంతే.

ద్వేషానికి ఉన్న ఓపిక ప్రేమకు లేదు. ప్రేమ మధ్యలో అన్నం తింటుంది, నిద్రపోతుంది. ద్వేషం భోజనబల్ల అంచు మీద కూడా వేలు అణచి చూసుకుంటుంది.

"అచోలా నాన్నా," అంది నా భార్య అకేయో ఒకరోజు భోజనం దగ్గర, ఎప్పటిలాగే మా అమ్మాయి పేరుతో పిలుస్తూ, "ఆ ఉగలి ముద్ద ఒగ్వెనో గొంతు కాదు. మెల్లిగా పిసుకు."

వేలి మీద తీగల గాట్లు పడ్డాయి, మానాయి, మళ్ళీ పడ్డాయి. లోపం బలంలో లేదని చాలా ఆలస్యంగా గ్రహించాను. నేను వేలి మెత్తని వైపుతో నొక్కుతున్నాను. కణుపుల దగ్గరి మడతల్లో తీగలు దాక్కుంటున్నాయి. వేలిని కొద్దిగా ఎముక వైపుకు దొర్లించాను. బొటనవేలిని గిటారు మెడ వెనక మధ్యకు దించాను. మోచేతిని డొక్కకు చేర్చాను. ఒక సాయంత్రం ఆరు తీగలూ ఒకే గొంతుతో పలికాయి.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. "చచ్చిందా మేక?"

"చచ్చింది."

"మరి నవ్వవేం?"

నవ్వు రాలేదు. ఆ మోతలో నాకు వినిపించవలసింది వినిపించలేదు. ఒగ్వెనో ముఖమే కనిపించింది.

ఆ ఆదివారం వేదిక పక్క బెంచీ మీద, ఎన్నడూ కూర్చోనంత దగ్గరగా కూర్చున్నాను. పాట మొదలయ్యే ముందు ఒగ్వెనో చెవి వెనక నుంచి పెన్సిలు తీశాడు. దాన్ని తీగల మీద అడ్డంగా, మొదటి మెట్టు పక్కన పెట్టి, ట్యూబు ముక్కతో మెడకు బిగించి కట్టాడు. దాని కింద, నేను మొదటివారంలోనే నేర్చుకున్న తేలికపాటి పట్టు పట్టాడు. ఎఫ్ గంటలా మోగింది. ఆరు తీగలనూ అణచింది పెన్సిలు. అతని చూపుడువేలు ఆ పని ఎన్నడూ చేయలేదు.

రోజంతా పెన్సిళ్ళ మధ్య బతికే నేను, దాన్ని రాతకోసమనే అనుకున్నాను. తాను ఎన్నడూ దూరని గుమ్మంలోంచి నన్ను రమ్మని, తల తగిలినందుకు నవ్వాడతను. కోపం వేడిగా ఉంటుందంటారు. నాది సరస్సు అడుగునున్న నీరంత చల్లగా వచ్చింది.

మా ఒడ్డు ఆనవాయితీ ప్రకారం, వేదిక ముందున్న పళ్ళెంలో డబ్బు వేసినవాడు పాటను ఆపవచ్చు. అతను చెప్పుకోవలసింది చెప్పుకునేదాకా బృందం వేలు కదపకూడదు. నాకంటే ముందు ఒక పడవ యజమాని లేచాడు. "నేను అబుయా కొడుకుని! నా పడవ వస్తుంటే సరస్సే పక్కకి జరుగుతుంది!" జనం ఈలలు వేశారు. అతను కూర్చోగానే నేను పళ్ళెంలో నోటు వేశాను. పాట ఆగింది. ఎవరో దగ్గారు.

"నేను వసోంగా కొడుకుని," అన్నాను. "నా చూపుడువేలు పెన్సిలు కంటే గట్టిది! ఒగ్వెనో, ఆ కర్ర విప్పు. ఒక్క ఎఫ్ పట్టి చూపించు. కుర్చీ నీదే."

"మాస్టారూ, జనం ఆడాలి. ఈ గొడవెందుకిప్పుడు?"

"ఆడతారు. ముందు నీ మేకని దగ్గనీ."

"విప్పవయ్యా!" అని బెంచీల మీది నుంచి కేక. "ఆయన డబ్బు వేశాడు!"

విప్పాడు. అణచాడు. మీటాడు. రెండు తీగలు మూలిగాయి. రేకుల కప్పు అదిరేలా అందరూ దగ్గారు. "తేనె పట్రండ్రా!" అన్నాడు పడవ యజమాని. ఆ దగ్గును నేను నెమ్మదిగా, చివరిదాకా విన్నాను. అప్పుడు ఒగ్వెనో చేతిలోని గిటారు తీసుకుని ఎఫ్ మోగించాను. దగ్గు ఆగిపోయింది.

"బాగుంది," అన్నాడు రపేమో. "తరవాత?"

"తరవాత ఏముంది తాతా?"

"పాట, కొడకా. ఒక్క పట్టుకి ఎవరు ఆడతారు?"

నా దగ్గర పాట లేదు. ఇన్నాళ్ళూ ఒక్క పాటైనా నేర్చుకోలేదు. ఒక మనిషిని కొట్టడానికి సరిపోయేంత మాత్రమే నేర్చుకున్నాను. ఒగ్వెనో పెదవి మీదికి పాత నవ్వు తిరిగి వస్తోంది. గిటారు ఇచ్చేసి వెళ్ళిపోతే గెలిచినట్టే. కానీ అప్పుడు ఈ వేలు ఎప్పటికీ అతనిదే. అతని ముఖం కోసం తయారై, ఆ ముఖంతోనే పని తీరిపోయిన పనిముట్టు.

వేలి వైపు చూశాను. కట్టిన పెన్సిలు కదలదు. వేలు కదులుతుంది. ఇదే పట్టును మెడ వెంట జరిపితే ఆ పాటకు కావలసిన మిగతా పట్లు కూడా పలుకుతాయి. ఇన్ని ఆదివారాలు పళ్ళు కొరుకుతూ విన్న పాటే అది.

పెన్సిలు అందుకుని రెండుగా విరిచాను. ముక్కలు ఒగ్వెనో ఒళ్ళో పడేసి, అతని గిటారు అతనికి ఇచ్చాను.

"ఒంటి తీగ మీద రాగం నువ్వు వాయించు. పట్లు నావి. ఇక ప్రతి ఆదివారం నా వేలిని నమ్ముకునే వాయిస్తావు."

ఖాళీ కుర్చీలో కూర్చుని, దానికి ఆనించి ఉన్న గిటారును ఒళ్ళోకి తీసుకున్నాను.

"తాతా, మా నాన్న పేరు పాడు. మేక లేకుండా."

రపేమో గొంతు సవరించుకునేలోపే వేలిని ఎముక వైపుకు దొర్లించి, మీటాను.